కొండ కన్నా ముందు మైదానం దాటాలి

ప్రశ్న: అయ్యా, నాకు 24 ఏళ్లు. విజయవాడ పటమటలో ఉంటాను. కలిసి ఇంజనీరింగు చదువుకున్న మిత్రులం ఆరుగురం ఈ చలికాలంలో ఏడు సీట్ల కారు ఒకటి సెల్ఫ్ డ్రైవ్‌కు అద్దెకు తీసుకుని లంబసింగి వెళ్లాలనుకుంటున్నాం. నలుగురం విజయవాడలో, ఇద్దరు గుంటూరులో ఉద్యోగాలు చేస్తున్నాం. శుక్రవారం ఆఫీసు ముగించుకుని రాత్రి పదకొండింటికి బయలుదేరితే తెల్లవారేసరికి లంబసింగిలో పొగమంచు చూడవచ్చనీ, అదే రోజు వంజంగి, మరునాడు అరకు, బొర్రా గుహలు చూసుకుని ఆదివారం రాత్రికి ఇల్లు చేరవచ్చనీ లెక్క వేసుకున్నాం. మాలో ఇద్దరికే లైసెన్సు ఉంది. ఒకడు నాలుగేళ్లుగా కారు నడుపుతున్నాడు. నాకు గత వేసవిలోనే వచ్చింది. ఇద్దరిలో ఎవరమూ ఘాట్ రోడ్డు మీద నడపలేదు. మా నాన్నగారు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తారు. విషయం వినగానే వద్దన్నారు, కారణం చెప్పలేదు. ఘాట్ అంటే ఆయనకు భయమేమో అనుకుంటున్నాను. మేం వెళ్లవచ్చా? ఏ దారి మంచిది? ఘాట్ మీద ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? గుంటూరులో స్నేహితుడి ఇంట్లో ఉంటానని నాన్నగారికి చెప్పి వెళితే తప్పా? కారుకు దెబ్బ తగిలితే ఆ ఖర్చు ఎవరు భరించాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: వెళ్లవచ్చు. కానీ శుక్రవారం రాత్రి పదకొండింటికి మాత్రం బయలుదేరవద్దు. మీ ఉత్తరమంతా ఘాట్ గురించిన ఆందోళనే కనిపిస్తోంది. విజయవాడ నుంచి లంబసింగికి ఉన్న దూరం సుమారు 320 కిలోమీటర్లు. అందులో ఘాట్ అనదగినది నర్సీపట్నం దాటిన తరువాత వచ్చే చివరి ముప్ఫై కిలోమీటర్లలోనే ఉంది. మిగిలిన 290 కిలోమీటర్లూ మైదానమే. కొండ మీద మలుపులు మనిషిని భయపెడతాయి కాబట్టి వేగం తగ్గిస్తాడు, కళ్లు తెరుచుకుని ఉంటాడు. నాలుగు వరుసల జాతీయ రహదారి ఏ భయమూ పెట్టదు కనుక అక్కడ వంద దాటిస్తాడు, కునుకు కూడా తీస్తాడు. మీ ప్రణాళికలో నాకు ప్రమాదం కనిపించిన చోటు ఏలూరుకూ తునికీ మధ్య, అర్ధరాత్రి దాటినప్పటి నుంచి తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వరకూ ఉన్న సమయం.

ఒక్కసారి లెక్క చూడండి. శుక్రవారం ఉదయం ఏడింటికి నిద్ర లేచి, రోజంతా ఆఫీసులో పనిచేసి, రాత్రి పదకొండింటికి స్టీరింగు పట్టుకున్న మనిషి తునిలో రహదారి దిగి నర్సీపట్నం వైపు తిరిగేసరికి దాదాపు ఇరవై గంటలుగా మేలుకుని ఉంటాడు. మనిషి శరీరానికి రాత్రి రెండు నుంచి ఐదు వరకు నిద్ర మీదికి తోసుకువచ్చే వేళ. కాఫీ, పాటలు, కిటికీ అద్దం దించడం వంటివి కొద్ది నిమిషాలు ఆపుతాయేమో గానీ నిద్రకు బదులు కావు. పైగా వెనుక సీట్లలో ఉన్న నలుగురూ రావులపాలెం వచ్చేలోపే నిద్రపోతారు, పక్క సీటులో ఉన్నవాడు వాళ్ల వెంటే పోతాడు. అప్పుడు ఆరుగురి ప్రాణాలు ఒక్కడి కనురెప్పల మీద ఉంటాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో 27 మీటర్లకు పైగా పోతుంది. మూడు సెకన్ల కునుకులో ఎంత దూరం కళ్లు మూసుకుని నడిపినట్టో మీరే గుణించుకోండి.

దీనికి పొగమంచు తోడవుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది, దానికి ఆనుకున్న గాలిలోని తేమ చిన్న చిన్న నీటి బిందువులుగా మారి నేలను అంటిపెట్టుకుని ఉండిపోతుంది. కృష్ణా గోదావరి డెల్టాలో ఆ తేమకు కొదవ లేదు. హనుమాన్ జంక్షన్ దాటినప్పటి నుంచి కాలువలు, చేపల చెరువులు, తడి ఆరని వరి మళ్లు రోడ్డుకు ఇరువైపులా ఉంటాయి, దక్షిణాన కొల్లేరు ఉంది. అర్ధరాత్రి దాటాక మొదలైన మంచు తెల్లవారుజామున చిక్కబడి, ఒక్కోసారి ఉదయం ఎనిమిది దాటినా విడవదు. అన్నిటికన్నా చెడ్డ సంగతి, అది అంతటా ఒకే తీరుగా ఉండదు. ఒక ఊరి దగ్గర రోడ్డు అద్దంలా కనిపిస్తుంది, మరు కిలోమీటరులో కాలువ వంతెన మీదికి రాగానే బానెట్టు కూడా కనిపించదు. ఆ కిలోమీటరులో వేగం తగ్గించేంత వ్యవధి ఉండదు.

ఆ మంచులో ఏమేమి ఉంటాయో ఆటోనగర్ మనిషి కొడుకుగా మీకు కొంత తెలిసే ఉండాలి. డిసెంబరు అంటే సార్వా కోతల కాలం. వెనుక దీపాలు కనబడకుండా గడ్డి నింపుకున్న ట్రాక్టర్లు, రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం, ఆ ధాన్యం మీదికి బండ్లు ఎక్కకుండా అడ్డంగా పెట్టిన రాళ్లు, టైరు పేలి ఎడమ వరుసలోనే నిలిచిపోయిన లారీ, దాని వెనుక హెచ్చరికగా పడేసిన నాలుగు చెట్టుకొమ్మలు. తుని దాటి అనకాపల్లి వైపు వెళితే చెరకు బండ్లు కూడా చేరతాయి. ఇవి పగలు ఎవరికీ ప్రమాదం కావు, చూసి తప్పుకుపోతారు. చీకట్లో, మంచులో మాత్రం ప్రాణాలు తీసేవి ఇవే. కదిలే వాహనం కన్నా నిలిచి ఉన్న వాహనమే ఎక్కువ భయపెట్టాలి.

జాగ్రత్తపడినా ఒకసారి మంచులో చిక్కుకోవచ్చు కనుక నడిపే పద్ధతి చెబుతాను. హై బీమ్ వేయకండి. ఆ కాంతి నీటి బిందువుల మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, తెల్లని గోడ తప్ప మరేమీ కనిపించదు. లో బీమ్, ఉంటే ఫాగ్ ల్యాంపులు చాలు. కదులుతున్నంతసేపూ నాలుగు ఇండికేటర్లు మిణుకుమనిపించే అలవాటు మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. అలా వేస్తే మీరు పక్కకు తిరుగుతున్నారో ఆగి ఉన్నారో వెనుకవాడికి తెలియదు. ఎంత దూరం కనిపిస్తోందో ఆ దూరంలో ఆగగలిగినంత వేగంలోనే ఉండండి. 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కాలన్న ఆలోచన వచ్చినప్పటి నుంచి బండి ఆగేవరకు 60 నుంచి 70 మీటర్లు పడుతుంది, 40లో అయితే 30 మీటర్ల లోపు ఆగుతుంది. రోడ్డు అంచున ఉండే తెల్ల గీతను ఆనవాలుగా పెట్టుకోండి, ముందు లారీ ఎర్ర దీపాల వెంట పడకండి. అతను గుంటలోకి పోతే మీరూ పోతారు. అద్దం లోపలివైపు ఆవిరి పడితే గుడ్డతో తుడుస్తూ నడపవద్దు, ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పండి. ఏమీ కనిపించనప్పుడు ఆగాలి. అయితే రోడ్డు పక్కన కాదు, టోల్ ప్లాజా దాటాక లారీలు నిలిపే చోటనో, పెట్రోలు బంకు ఆవరణలోనో, దాబా ముందరో ఆగాలి.

ఇప్పుడు దారి. రెండు రోజుల సెలవు సరిపోదు, శుక్రవారం కూడా సెలవు పెట్టండి. గుంటూరు మిత్రులిద్దరూ గురువారం సాయంత్రమే పటమట చేరి మీ ఇంట్లోనో మరొకరి ఇంట్లోనో పడుకోవాలి. వాళ్లు తెల్లవారుజామున గుంటూరులో లేచి, మంగళగిరి మీదుగా వారధి దాటి వచ్చేసరికి వాళ్ల నిద్రా పాడవుతుంది, మీ సమయమూ పోతుంది. శుక్రవారం ఉదయం ఏడింటికి, వెలుతురు వచ్చాక బయలుదేరండి. ఏలూరు దాటి గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది. పాత దారి తాడేపల్లిగూడెం, తణుకు, సిద్ధాంతం, రావులపాలెం మీదుగా గోదావరి పాయలు రెండూ దాటి పోతుంది. కొత్తది నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు మీదుగా మెట్ట ప్రాంతంలో సాగి రాజమహేంద్రవరం పక్కన గోదావరి దాటుతుంది. నేను రెండోదాన్నే చెబుతాను. దూరం కలిసివస్తుంది, కాలువలు తక్కువ కాబట్టి ఉదయపు మంచు బెడద కూడా తగ్గుతుంది. పాత దారిలో రావులపాలెం అరటి గెలల సంత చూడదగినదే, అది మరో ప్రయాణానికి ఉంచుకోండి. రాజానగరం, జగ్గంపేట, అన్నవరం దాటి తుని చేరాక రహదారి వదిలి కోటనందూరు మీదుగా నర్సీపట్నం వెళ్లాలి. మధ్యాహ్న భోజనానికి ఒక గంట తీసినా మూడింటికి నర్సీపట్నంలో ఉంటారు.

రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు మీదుగా కూడా చింతపల్లి వైపు ఒక దారి ఉందని ఫోనులోని మ్యాపు మీకు చూపిస్తుంది. అడవి దారి, అందంగా ఉంటుంది, కానీ ఊళ్లు దూరదూరంగా ఉంటాయి, ఫోను సంకేతం చాలాచోట్ల అందదు. ఘాట్ కొత్తవాళ్లు మొదటిసారే అటు వెళ్లవద్దు.

నర్సీపట్నంలో ఒక నియమం పెట్టుకోండి. నాలుగింటిలోపు చేరితే ట్యాంకు నిండా ఆయిలు కొట్టించి, టైర్లలో గాలి చూసుకుని కొండ ఎక్కండి. నాలుగు దాటితే ఆ రాత్రి అక్కడే లాడ్జిలో పడుకుని మరునాడు వెలుతురులో ఎక్కండి. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు గూకుతుంది, కొండల మధ్య ఇంకా ముందే చీకటి పడుతుంది. లంబసింగిలో గది ముందే బుక్ చేశాం, డబ్బు పోతుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పోనివ్వండి.

మీ నాన్నగారి విషయం ఇక్కడే చెప్పాలి. ఆయన ఘాట్‌కు భయపడ్డారని మీరు ఊహించారు. లారీ షెడ్డులో పనిచేసే మనిషి ముందుకు మరమ్మతుకు వచ్చే బండ్లలో ముందు భాగం నుజ్జయినవి ఎన్ని ఉంటాయో, వాటిలో ఎన్ని తెల్లవారుజామున నిలిచి ఉన్న మరో లారీని గుద్దినవో ఆయన్ను అడిగి చూడండి. అనుభవమున్న లారీ డ్రైవర్లు చాలామంది మూడు, నాలుగు గంటల వేళ దాబా దగ్గర బండి నిలిపి క్యాబినులో నడుము వాలుస్తారు. వాళ్లకు సరుకు చేర్చే తొందర లేక కాదు. ఆయన వద్దన్నది కొండనా, రాత్రినా అన్నది మీకు తెలియదు, ఎందుకంటే మీరు అడగలేదు. పగటి ప్రయాణం, మూడు రోజుల ప్రణాళిక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టి అడగండి. అప్పటికీ కాదంటే కారణం అడిగే హక్కు మీకుంది.

గుంటూరులో ఉంటానని అబద్ధం చెప్పి వెళ్లడం తప్పే. పెద్దల మాట జవదాటకూడదని అనడం లేదు, మీకు 24 ఏళ్లు. ఫోను అందని ఏజెన్సీలో మీ బండి ఆగిపోతే మీ కోసం వెదకవలసిన మనిషి గుంటూరు వైపు వెదుకుతాడు. నేను చెప్పే కారణం అంతే. ఆరుగురి ఇళ్లలోనూ బండి నంబరు, బస చేసే చోటు పేరు, ఏ పూట ఏ ఊళ్లో ఉంటారో రాసి ఇవ్వాలి. ఇంకో పని కూడా చేయండి. కారు గురువారం సాయంత్రమే తీసుకుని నేరుగా ఆటోనగర్ తోలుకెళ్లి నాన్నగారికి చూపించండి. హెడ్‌లైట్లు సమంగా పడుతున్నాయా, వైపరు రబ్బర్లు బాగున్నాయా, టైర్ల మీద గాడి ఎంత మిగిలింది, స్టెప్నీలో గాలి ఉందా, జాకీ, పానా బండిలో ఉన్నాయా, బ్రేకు ఆయిలు మట్టం సరిగా ఉందా అన్నవి ఆయన పది నిమిషాల్లో తేలుస్తారు. చట్టప్రకారం టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. తడి ఘాట్ మీద అంతకన్నా ఎక్కువే ఉండాలని నా అభిప్రాయం. చలికి టైరులో గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలు పడిపోతే ఒక పాయింటు దాకా పడిపోతుంది కాబట్టి కొండ మీద తెల్లవారుజామున హెచ్చరిక దీపం వెలిగితే కంగారుపడకండి.

ఘాట్ గురించి మీరు అనుకున్నంత చెప్పవలసినది లేదు. ఎక్కేటప్పుడు రెండో గేరు, అవసరమైతే మొదటిది. ఇంజను మూలిగేదాకా పై గేరులో లాగవద్దు. అసలు పరీక్ష దిగేటప్పుడు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం, అది ఇప్పటికీ సరైనదే. బ్రేకు మీద కాలు అదేపనిగా పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు సడలుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ వాసన రాగానే వెడల్పైన చోట బండి ఆపి అరగంట చల్లారనివ్వాలి, నీళ్లు పోయకూడదు. ఆయిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం ఆత్మహత్యతో సమానం. ఆటోమేటిక్ బండి అయితే తక్కువ గేరులో నిలిపే మీట ఎక్కడుందో విజయవాడలోనే తెలుసుకోండి. ఇరుకు చోట దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది నిబంధన. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే నిబంధన ఆలోచించకుండా మీరే ఆగండి. మలుపుకు ముందు హారను కొట్టండి, మలుపులో ఓవర్‌టేకు చేయకండి, ఫొటో కోసం మలుపులో బండి నిలపకండి.

నాలుగేళ్ల అనుభవమున్న మిత్రుడే ఘాట్ నడపాలి. అయితే బందరు రోడ్డు మీద నాలుగేళ్లు నడిపిన అనుభవం కొండకు పూర్తిగా పనికిరాదు. వెళ్లే ముందు ఒక ఆదివారం ఉదయాన్నే మీరిద్దరూ నరసరావుపేట దగ్గరి కోటప్పకొండకు వెళ్లి, ఆ ఘాట్ రోడ్డు రెండు మూడుసార్లు ఎక్కి దిగండి. త్రికోటేశ్వరుడి దర్శనమూ అవుతుంది, క్లచ్చు మీద మీ పాదం ఎంత వణుకుతుందో కూడా తెలుస్తుంది. మైదానంలో పగటిపూట రాజమహేంద్రవరం వరకు మీరు నడపండి, అక్కడి నుంచి మీ మిత్రుడు. రెండు గంటలకొకసారి బండి ఆపాలి. ముందు సీటులో కూర్చున్నవాడు నిద్రపోకూడదు, నిద్ర వస్తే వెనుకవాడితో సీటు మార్చుకోవాలి. ఆగుదామని ఎవరు అన్నా, కారణం అడగకుండా ఆగాలన్న మాట బయలుదేరక ముందే అందరూ ఒప్పుకోండి. స్నేహితుల మధ్య భయమేస్తోందని చెప్పడానికి నోరు రాదు. ముందే ఒప్పందం ఉంటే ఆ మాట తేలిక. మూడో వరుసలో కూర్చున్నవాళ్లతో సహా అందరూ బెల్టు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా సంగతి అలా ఉంచి, గుద్దుకున్నప్పుడు వెనుకవాడు ఎగిరి ముందువాడి మీదే పడతాడు.

లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తుకే ఆరు డిగ్రీల చలి పెరుగుతుంది. దానికి తోడు చుట్టూ కొండల మధ్య పల్లంగా ఉండటంతో రాత్రి చల్లగాలి కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. చలి గట్టిగా పట్టిన రోజుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. విజయవాడ చలికి కొన్న స్వెట్టరు అక్కడ చాలదు. చెవులు కప్పే టోపీ, మేజోళ్లు, పైన గాలి చొరని కోటు ఉండాలి. శని ఆదివారాల్లో జనం విపరీతం. ఉదయం చెరువులవేనం వైపు బండ్ల బారు కదలదు కాబట్టి అక్కడికి కాలినడకన వెళ్లడమే మేలు. తాజంగి జలాశయం దగ్గర కొంత నెమ్మదిగా ఉంటుంది. డేరాల్లో పడుకోవాలని మీ మిత్రుల్లో కొందరికి సరదా ఉండవచ్చు, అభ్యంతరం లేదు. కానీ చలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటిని డేరాలోకో మూసిన గదిలోకో తెచ్చుకోకండి. ఇంజను వేసి ఉంచి కారులో నిద్రపోకండి. రెండింటిలోనూ వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమల క్రీము వెంట ఉంచుకోండి, తిరిగి వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లారో డాక్టరుకు తప్పక చెప్పండి.

నవంబరు, డిసెంబరు నెలల్లో పాడేరు, అరకు వైపు కొండవాలుల మీద వలిసె పూలు పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి. అవి ఎవరి పొలమో వారి పంట, నూనె గింజలు. ఫొటో కోసం నడుమకు దిగి తొక్కకండి, రైతు ఏమైనా అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. ఇళ్ల ముందు ఆరబోసిన కాఫీ గింజలకూ అదే మాట. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడితో మొదలైన తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో, ఈ ఏజెన్సీలో రోడ్లు వేయడానికి కొండవాళ్ల చేత సరైన కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం ఒకటి. మీరు ఎక్కే దారికి అంత చరిత్ర ఉంది. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. వీలుంటే చూడండి.

ఒక సంగతి మీ వయసువాళ్లకు కచ్చితంగా చెప్పాలి. ఈ దారుల్లో గంజాయి కోసం తనిఖీలు ఉంటాయి, ఆరుగురు కుర్రాళ్లున్న అద్దె బండిని తప్పకుండా ఆపుతారు. ఆపినప్పుడు మర్యాదగా దిగి కాగితాలు చూపించండి. ఎవరో ఒక సంచి ఇచ్చి నర్సీపట్నంలో మా బావకు ఇవ్వండి అంటే తీసుకోకండి, దారిలో చెయ్యి ఎత్తిన అపరిచితుణ్ణి సామానుతో ఎక్కించుకోకండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద 20 కిలోలు దాటిన గంజాయి దొరికితే బెయిలు రావడమే కష్టం. సరదాకు కొంచెం అని మీలో ఎవరికైనా ఆలోచన ఉంటే అతన్ని ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. మద్యం సంగతి కూడా ఇదే సందర్భంలో. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. రాత్రి పొద్దుపోయేదాకా తాగినది ఉదయానికి పూర్తిగా దిగదు. మరునాడు ఘాట్ నడిపేవాడు ముందు రాత్రి ముట్టుకోకూడదు.

ఇక వంజంగి, అరకు, బొర్రా. మూడు రోజుల్లో ఇవన్నీ కుదరవు. వంజంగి మేఘాలు సూర్యోదయం వేళే బాగుంటాయి, దానికోసం చీకట్లోనే కొండ ఎక్కాలి. లంబసింగి నుంచి తెల్లవారుజామున మూడింటికి పాడేరు దాకా మంచులో ఘాట్ దారిన నడపడం నేను ఒప్పుకోను. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి చింతపల్లి, జి.మాడుగుల మీదుగా పాడేరు చేరి అక్కడే నిద్రపోతే, ఆదివారం వేకువన వంజంగి దగ్గరే. అయితే ఆ రోజే సుమారు 400 కిలోమీటర్లు నడిపి ఇల్లు చేరాలి కనుక, తిరుగు ప్రయాణంలో నడపవలసిన ఇద్దరూ వంజంగి మానుకుని ఏడింటిదాకా నిద్రపోవాలి. అలా మానుకోవడం ఇష్టం లేకపోతే సోమవారం కూడా సెలవు పెట్టి ఆదివారం రాత్రి రాజమహేంద్రవరంలో ఆగండి. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది, దాంట్లో ఎవరికీ మనసు కష్టపడదు. అరకును మాత్రం ఈసారికి వదిలేయండి. అది విశాఖపట్నం నుంచి రైల్లో సొరంగాలు దాటుకుంటూ వెళ్లవలసిన చోటు, కారులో పరుగెత్తి చూసేది కాదు. బొర్రా గుహలూ అదే రైలు దారిలో ఉన్నాయి.

తిరుగు దారి పాడేరు ఘాట్ దిగి, కొండ కింద ఉన్న మాడుగుల (ఇది జి.మాడుగుల కాదు), చోడవరం మీదుగా అనకాపల్లి చేరి జాతీయ రహదారి ఎక్కడం. మాడుగుల హల్వా కొనుక్కోవడానికి ఆగే సమయం ఉంచుకోండి. ఇంటికి చేరాలన్న తొందరలో అలసట తెలియదు కనుక చీకటి పడేసరికి తుని దాటకపోతే రాత్రి ఎక్కడో ఒక చోట ఆగాల్సిందేనని ముందే రాసుకోండి. సంక్రాంతికి ముందు నాలుగు రోజులు, తరువాత మూడు రోజులు ఈ ప్రయాణం పెట్టుకోకండి, ఊళ్లకు వెళ్లే జనంతో టోల్ గేట్ల దగ్గరే సగం రోజు పోతుంది. రహదారి మీద బండి ఆగిపోతే 1033కు, దెబ్బలు తగిలితే 108కి ఫోను చేయాలి. కొండ మీద డిజిటల్ చెల్లింపు పనిచేయని చోట్లుంటాయి, తలా మూడు నాలుగు వేలు నగదు ఉంచుకోండి.

చివరిది కారు ఖర్చు. అద్దెకు ఇచ్చే అనుమతి ఉన్న బండికి నల్ల పలక మీద పసుపు అక్షరాల నంబరు ఉంటుంది. తక్కువ ధరకు తెలిసినవాళ్ల తెల్ల పలక బండి దొరుకుతుందని తీసుకోకండి, సొంత వాడకపు బండిని అద్దెకు తిప్పినట్టు తేలితే బీమా సంస్థ చేతులెత్తేయవచ్చు. ఒప్పంద పత్రంలో నడిపేవాళ్లిద్దరి పేర్లూ రాయించండి, లేనివాడు నడుపుతూ గుద్దితే అదీ చిక్కే. బీమాలో మీరు భరించాల్సిన మొత్తం ఎంతో, డిపాజిట్టులో ఏయే గీతలకు కోత పెడతారో చదివి, బండి తీసుకునేటప్పుడు నాలుగు వైపులా వీడియో తీసుకోండి. మామూలుగా తగిలిన దెబ్బకు ఆరుగురూ సమానంగా పంచుకోవడమే న్యాయం, ఎందుకంటే నడిపినవాడు మిగిలిన ఐదుగురి కోసమే నడిపాడు. తాగి నడిపినా, ఆగమన్నా ఆగకపోయినా, ఒప్పుకున్న వేగం దాటినా ఆ ఖర్చు పూర్తిగా అతనిదే. ఈ నాలుగు వాక్యాలు మీ గుంపు వాట్సాప్‌లో రాసి, అందరి చేత సరేననిపించుకున్న తరువాతే అడ్వాన్సు కట్టండి.